నా మియాటాకి ఊపిరాడని వేసవి

మే నెలలో ఒక ఆదివారం పొద్దున, ఫోర్డ్ రోడ్ నుంచి ఐ-275 ఫ్రీవే ఎక్కే ర్యాంపు మీద మూడో గేర్లో యాక్సిలరేటర్ నేలదాకా తొక్కాను. నాలుగు వేల ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) వరకు బండి ఎప్పట్లాగే వచ్చింది. ఆ తర్వాత వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకుని ఆపినట్టయింది. ముల్లు మెల్లగా పైకి పోతోంది, మోత పెరుగుతోంది, బండి మాత్రం లాగట్లేదు. వెనక వస్తున్న ట్రక్కు అద్దంలో అంతకంతకూ పెద్దదవుతుంటే గుండె దడదడలాడింది. ఎలాగో లేన్‌లోకి దూరి, కుడి పక్కనే నెమ్మదిగా పోయి, తర్వాతి ఎగ్జిట్‌లో దిగి ఇంటికి వచ్చేశాను. ఇంజన్ లైటు వెలగలేదు. పొగ లేదు, వాసన లేదు. ఐడిల్‌లో చిన్న వణుకైనా లేదు. ఇంటి ముందు ఆపి బోనెట్ ఎత్తి చూస్తే అంతా మామూలుగానే ఉంది.

ఇది 1999 మోడల్ మాజ్డా మియాటా. హిరోషిమాలో తయారైన బండి. ముదురు ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, గుడ్డ టాపు. మిషిగన్ వచ్చిన కొత్తలో నేను కొనుక్కున్న మొదటి ఇష్టమైన వస్తువు ఇదే. ఇప్పుడు మీటరు మీద 1,38,000 మైళ్ళు. ఇంజన్ 1,839 సీసీ, 140 హార్స్‌పవర్. ఈ రోజుల్లో పిల్లల్ని బడికి దింపే ఎస్‌యూవీకి కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కానీ ఈ బండి బరువు 1,040 కిలోల చిల్లర, అందుకని ఆ 140 చాలు. పైగా ఆ బలమంతా పైనే ఉంటుంది. పూర్తి శక్తి వచ్చేది 6,500 దగ్గర. నాలుగు వేలు దాటాక చచ్చిపోతే ఇక అందులో మియాటా అనేది మిగలదు.

నాకు బండ్ల పిచ్చి ఎక్కడిదని ఇక్కడి స్నేహితులు అడుగుతుంటారు. బెజవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి లారీల షెడ్డు ఉండేది. వేసవి సెలవుల్లో పటమటలో వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. బాబాయికి టిఫిన్ క్యారియర్ ఇచ్చే పని నాది. ఇచ్చాక ఇంటికి వెళ్ళిపోవాలి, నేను వెళ్ళేదాన్ని కాదు. డీజిల్ డబ్బా మీద కూర్చుని, పదమూడో నంబరు పానా అంటే పదమూడు, పదిహేడు అంటే పదిహేడు తీసి అందించేదాన్ని. ఇప్పుడు నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా పని చేయట్లేదంటే, ఎక్కడ చేయట్లేదో ముందు తెలుసుకోకుండా ఏదీ మార్చకూడదనే పద్ధతి నాకు ఆఫీసులో రాలేదు, ఆ షెడ్డులోనే వచ్చింది.

అయినా ఈసారి మొదట్లో ఆ పద్ధతి వదిలేశాను. పని ఒత్తిడిలో ఉండి ఒక వర్క్‌షాప్‌లో ఇచ్చాను. వాళ్ళు స్కానర్ పెట్టి, ఇంజన్‌లోకి పోయే గాలి తక్కువ చూపిస్తోంది కాబట్టి గాలిని కొలిచే సెన్సర్ పోయిందన్నారు. కొత్త సెన్సర్, కూలీ కలిపి 340 డాలర్లు. తీసుకుని అదే ర్యాంపు ఎక్కితే అదే కథ. మళ్ళీ వెళ్తే, ఇంజన్‌లోకి గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ బాడీ మార్చాలన్నారు. అప్పుడు తాళాలు తీసుకుని ఇంటికి వచ్చేశాను. జ్వరం 103 చూపిస్తే థర్మామీటర్ మారుస్తామా? మార్చాక కూడా 103 చూపిస్తే, మరి జ్వరం సంగతి చూడాలి కదా.

ఆ సెన్సర్‌ని మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ అంటారు, పొట్టిగా మాఫ్. ఎయిర్ ఫిల్టర్ దాటగానే ఉంటుంది. లోపల ఒక సన్నని తీగని వేడిగా ఉంచుతుంది. గాలి దాన్ని దాటుతూ చల్లబరుస్తుంది. మళ్ళీ అదే వేడికి తేవడానికి ఎంత కరెంటు పట్టిందో దాన్ని బట్టి సెకనుకి ఎన్ని గ్రాముల గాలి పోయిందో కంప్యూటర్ లెక్క కడుతుంది. తీగ మీద దుమ్ము పేరుకుంటే తక్కువ చూపించడం నిజమే. అందుకే అందరూ ముందు దాన్నే అనుమానిస్తారు. అనుమానించడంలో తప్పు లేదు. అది అబద్ధం చెబుతోందో నిజం చెబుతోందో తేల్చుకోకుండా మార్చెయ్యడమే తప్పు.

తేల్చుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. 1996 నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి పెట్రోలు కారుకీ డ్యాష్‌బోర్డు కింద ఒక సాకెట్ ఉంటుంది. దానికి చిన్న అడాప్టర్ పెట్టి ఫోన్‌లో చూసుకోవచ్చు. పాత బండి కాబట్టి అంకెలు నెమ్మదిగా వస్తాయి, అందుకని తొందరగా తోసేసే రెండో గేరు పనికిరాదు. మూడో గేర్లో, రెండున్నర వేల నుంచి ఆరు వేల దాకా, పూర్తిగా తొక్కి పట్టాలి. ఈ బండిలో మూడో గేరు ఆరు వేలంటే గంటకి 70 మైళ్ళు. మా ఫ్రీవేలో పరిమితి కూడా అదే, కాబట్టి పరీక్ష కోసం చట్టం దాటాల్సిన పని లేదు. ఆదివారం పొద్దున ఆరింటికి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, మా అబ్బాయి పక్క సీట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. వాడికి పదహారేళ్ళు.

అసలు ఎంత గాలి పోవాలో ముందు కాగితం మీద లెక్కేసుకున్నాను. ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. అంటే ఈ ఇంజన్ చుట్టుకి 0.92 లీటర్లు. ఆరు వేల చుట్ల దగ్గర నిమిషానికి 5,500 లీటర్లు, సెకనుకి 92 లీటర్లు. లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు తూగుతుంది. సిలిండర్లు నూటికి నూరు నిండితే సెకనుకి 110 గ్రాములు. మామూలు ఇంజన్ అలా నూటికి నూరు నిండదు. ఆరోగ్యంగా ఉన్న ఇలాంటి ఇంజన్ 85, 90 శాతం నిండుతుంది. అంటే ఆరు వేల దగ్గర 94 నుంచి 99 గ్రాములు కనిపించాలి.

మాకు కనిపించింది 63.

నాలుగు వేల దగ్గర 54, ఐదు వేల దగ్గర 61, ఆరు వేల దగ్గర 63. ఈ మూడు అంకెలూ పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను. శాతాల్లోకి మారిస్తే 73, 66, 57. ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే అంత తక్కువ నిండుతోంది. ఐదు వేల నుంచి ఆరు వేలకి పోతే గాలి పెరిగింది రెండే గ్రాములు. ఇది ఎక్కడో దారి ఇరుకైన లక్షణం. ముక్కు దిబ్బడ వేసిన మనిషి కూర్చుంటే బాగానే ఉంటాడు, నడిచినా ఫరవాలేదు, మెట్లెక్కమంటేనే ఇబ్బంది. ఐడిల్‌లో నా బండి ఎందుకంత ప్రశాంతంగా ఉందో అప్పుడు అర్థమైంది.

ఇక మాఫ్ నిజం చెబుతోందా అనేది. ఇది చెప్పడానికే ఈ పోస్టు రాస్తున్నానన్నా తప్పు లేదు, ఎందుకంటే ఈ ఒక్క చూపుతో నా 340 డాలర్లు మిగిలేవి. మాఫ్ గాలిని తక్కువగా లెక్కిస్తే కంప్యూటర్ పెట్రోలు కూడా తక్కువే పోస్తుంది. నిజంగా పోయే గాలి ఎక్కువ కాబట్టి మంట లీన్ అవుతుంది, పెట్రోలు చాలదు. ఆ సంగతి ఎగ్జాస్ట్‌లో, అంటే పొగ గొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ పట్టేస్తుంది. మామూలు డ్రైవింగ్‌లో కంప్యూటర్ దాన్ని సర్దుకుంటూ పెట్రోలు పెంచుతుంది, అది ఫ్యూయల్ ట్రిమ్‌లో ప్లస్ పది, పదిహేను, ఇరవై శాతంగా కనిపిస్తుంది. పూర్తిగా తొక్కినప్పుడు ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ పడిపోతుంది. నా బండిలో లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ మూడు. పూర్తిగా తొక్కినప్పుడు ఆక్సిజన్ సెన్సర్ 0.88 వోల్టులు, అంటే పెట్రోలు కావలసినంత ఉంది. మాఫ్ చెప్పిన గాలికి పోసిన పెట్రోలు సరిగ్గా సరిపోయింది. కాబట్టి మాఫ్ నిజమే చెబుతోంది. ఇంజన్‌లోకి నిజంగానే 63 గ్రాములే పోతున్నాయి. తీసేసిన పాత సెన్సర్ కూడా నిజమే చెప్పింది పాపం, దాన్ని పెట్టెలో దాచిపెట్టుకున్నాను.

ఫిల్టర్ తీసేసి ఒక్కసారి నడిపి చూశాను. అదే 63. ఫిల్టర్ కాదు.

తర్వాత థ్రాటిల్. ఈ బండిలో యాక్సిలరేటర్‌కీ థ్రాటిల్‌కీ మధ్య ఉన్నది ఉత్త కేబులే, మోటార్లు లేవు. అబ్బాయిని సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి ఉండగా పూర్తిగా తొక్కమని, నేను బోనెట్ కింద టార్చి వేసి చూశాను. థ్రాటిల్ చక్రం తిరిగి చివర ఉన్న ఇనప ఆపు దగ్గరకి వచ్చి, దాన్ని తాకకుండా ఆగిపోయింది. మధ్యలో నా చిటికెన వేలు పట్టేంత సందు. "ఇంకా తొక్కరా" అన్నాను. "ఇదే చివర అమ్మా" అన్నాడు. వెళ్ళి వంగి చూస్తే పెడల్ కింద చలికాలం బూట్ల తడి కోసం వేసిన మందపాటి రబ్బరు మ్యాటు ఉంది. పెడల్ దానికి ఆనుకుని ఆగుతోంది. మ్యాటు తీసి, కేబుల్ చివర రెండు నట్లు వదులు చేసి ఉన్న కాస్త జారుడూ లాగి బిగిస్తే, చక్రం వెళ్ళి ఆపుకి టక్కుమని తగిలింది. ఆ చప్పుడు విని ఇద్దరం గట్టిగా అరిచాం, దొరికిందని.

మర్నాడు పొద్దున కొలిస్తే 66.

చాలా నిరాశ పడ్డాను. తర్వాత ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. థ్రాటిల్ పళ్ళెం మూడొంతులు తెరుచుకున్నాక మిగతా పావు వంతు తెరిచినా పెద్దగా కలిసొచ్చేది ఉండదు. అది ఒక తప్పు, సరి చేశాం, మంచిదే. అసలు తప్పు ఇంకెక్కడో ఉంది.

ఆ రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. ఆయన షెడ్డు మూసేసి చాలా ఏళ్ళయింది. పెట్రోలు కార్ల మీద ఆయనకి ఎప్పుడూ గౌరవం లేదు. అయినా నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నారు.

"ఏమ్మా, పీల్చట్లేదు పీల్చట్లేదంటున్నావు. వదులుతోందా?"

"అంటే, బాబాయ్?"

"లోపలికి రావాలంటే ముందు లోపలున్నది బయటికి పోవాలిగా. పొగ పోయే దారి చూశావా నువ్వు?"

చూడలేదని చెప్పాను. అప్పుడు ఆయన ఒక లారీ సంగతి చెప్పారు. లోడుతో ఘాట్ ఎక్కట్లేదని ఒక ఓనరు పంపు విప్పించి బాగు చేయించాడట, నాజిళ్ళు మార్పించాడట, ఫిల్టర్లు మార్చాడట. బండి లాగదు. చివరికి బాబాయి దగ్గరికి తెస్తే ఆయన బోనెట్ ఎత్తకుండా బండి కిందకి దూరారు. లారీలకి ఎగ్జాస్ట్ బ్రేకు అని ఒకటి ఉంటుంది. ఘాట్ దిగేటప్పుడు పొగ గొట్టంలో ఒక రేకు అడ్డం పడి ఇంజన్‌ని బిగబడుతుంది. ఆ రేకు మసి పట్టి సగంలో ఇరుక్కుపోయింది. అంతే. డ్రైవరు బ్రేకు వదిలేశాడు, గొట్టం వదల్లేదు.

"నీ బండికి ఆ రేకు ఉండదనుకో. సైలెన్సర్ ఉంటుందిగా. ముందు అది చూడమ్మా, తర్వాత మిగతావి" అని, అబ్బాయి చదువు గురించి అడిగి ఫోన్ పెట్టేశారు.

నేను గాలి అనగానే గాలి వచ్చే వైపే చూస్తూ కూర్చున్నాను. మాఫ్, ఫిల్టర్, థ్రాటిల్, అన్నీ ఇంజన్‌కి ముందున్నవే. సిలిండర్లో కాలిపోయిన పొగ పూర్తిగా బయటికి పోకపోతే ఆ చోటులో కొత్త గాలి పట్టదు. మాఫ్ దగ్గర తక్కువ కనిపించినంత మాత్రాన తప్పు మాఫ్ వైపే ఉండాలనేముంది?

ఇంజన్ ఎంత గట్టిగా పీలుస్తోందో చూపించే వాక్యూమ్ గేజ్ ఒకటి ఇరవై డాలర్లకి కొన్నాను. ఇంత చవకైన వస్తువు ఇంత సంగతి చెబుతుందని నాకు ఇదివరకు తెలియదు. థ్రాటిల్ నుంచి సిలిండర్లకి గాలి పంచే ఇంటేక్ మానిఫోల్డ్ మీద ఉన్న చిన్న గొట్టానికి తగిలించి, బారెడు రబ్బరు ట్యూబుతో టాపు తీసిన బండిలోకి తెచ్చి అబ్బాయి చేతిలో పెట్టాను. ముందు ఆగి ఉండి చూశాం. ఐడిల్‌లో 18 అంగుళాలు (వాక్యూమ్‌ని పాదరసం అంగుళాల్లో కొలుస్తారు), ముల్లు కదలట్లేదు, బాగుంది. 2,500 దగ్గర పట్టుకుంటే 20కి ఎక్కింది. వదలకుండా అలాగే పట్టుకున్నాను. పది సెకన్లకి 19. ఇరవైకి 17. నిమిషం అయ్యేసరికి 13. నా కాలు కదల్లేదు, ముల్లు మాత్రం నీళ్ళ ట్యాంకు ఖాళీ అవుతున్నట్టు దిగిపోతోంది. పొగ పోయే దారి బాగుంటే అది అక్కడే నిలబడాలి. పోయే దారి ఇరుకైతే పొగ వెనక్కి పేరుకుంటూ వస్తుంది, ఇంజన్ పీల్చే బలం తగ్గిపోతుంది. ఆ ముల్లు దిగుతుంటే ఇద్దరం మాట్లాడలేదు.

రెండో పరీక్ష రోడ్డు మీద. పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఇంకా మూడు నాలుగు అంగుళాలు మిగిలి ఉంటే, థ్రాటిల్‌కి ముందు ఎక్కడో అడ్డం ఉన్నట్టు. పిల్లవాడు మూసిన సీసాలోంచి స్ట్రాతో పీలుస్తున్నట్టన్నమాట. మాకు అర అంగుళం కూడా లేదు. అంటే థ్రాటిల్ దాకా గాలి హాయిగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది, లోపల చోటు లేదు. ఈ ఒక్క అంకెతో ఇంజన్‌కి ముందున్న సగం బండిని అనుమానాల లిస్టులోంచి తీసేశాను. టైమింగ్ బెల్టు పన్ను జారినా ఇలా సగం నిండొచ్చు, కానీ అప్పుడు ఐడిల్‌లోనే వాక్యూమ్ తక్కువుంటుంది. నాకు 18 వచ్చింది కాబట్టి అది కూడా తీసేశాను.

మిగిలింది ఎగ్జాస్ట్‌లో వత్తిడి కొలవడం. ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించాలి. గేజ్ కిట్ పార్టుల దుకాణంలో అద్దెకి ఇచ్చారు, తిరిగిస్తే డబ్బు మొత్తం వెనక్కి. సెన్సర్ విప్పడం మాత్రం రెండు సాయంత్రాలు పట్టింది. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పాతికేళ్ళ ఉప్పు ఆ మరలో కూర్చుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి, రాత్రంతా ఉంచి, ఇంజన్ కాస్త వేడెక్కాక పక్కన చీలిక ఉన్న 22 సాకెట్ పెట్టి లాగితే కిర్రుమని కదిలింది. ఆరోగ్యంగా ఉన్న బండిలో 2,500 దగ్గర 3 పీఎస్ఐ లోపు ఉండాలి, ఐడిల్‌లో ఒకటి చిల్లర దాటకూడదు. నాకు ఐడిల్‌లో 2, రెండున్నర వేల దగ్గర 6. ఇక అనుమానం లేదు.

సైలెన్సర్‌కి ముందు, సీట్ల కింద, పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. అందరూ క్యాట్ అంటారు. బండి కిందకి దూరి రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాను. లోపల పెంకులు కదిలిన చప్పుడు.

దాన్ని దించడం గురించి ఎక్కువ రాయను. ఒక బోల్టు తెగింది, చేతి మీద తోలు పోయింది, శనివారమంతా పోయింది. దించాక గ్యారేజీ నేల మీద పాత దుప్పటి పరిచి, నిలువుగా పెట్టి, అవతల వైపు నుంచి టార్చి వేసి చూశాం. బాగున్న క్యాట్ లోపల తేనెపట్టులా ఉంటుంది. సన్నని సెరామిక్ గదులు, చదరపు అంగుళంలో దాదాపు నాలుగు వందలు. వాటి గోడల మీద ప్లాటినం, పెల్లాడియం, రోడియం పూత. టార్చి వేస్తే గదుల్లోంచి వెలుతురు జల్లెడ పట్టినట్టు రావాలి. మాకు ఒక పక్క అర్ధచంద్రాకారంలో మాత్రమే వచ్చింది. మిగతాదంతా చీకటి. ముందు ముఖం కరిగి, గదుల అంచులు ఒకదాని మీద ఒకటి వాలి, పాకం ముదిరి గడ్డకట్టినట్టు నిగనిగలాడుతోంది. వేలితో తడిమితే గాజులా నునుపు. మధ్యలో ఒక ముక్క విరిగి, అడ్డం తిరిగి, వెనక దారికి మూతలా కూర్చుంది. ఈ చిన్న అర్ధచంద్రంలోంచి నా ఇంజన్ ఇన్నాళ్ళూ ఊపిరి వదిలిందంటే బాధేసింది.

ఇక్కడితో కొత్త క్యాట్ వేసేసి సంతోషపడొచ్చు. కానీ క్యాట్ దానంతటది కరగదు, దాన్ని ఏదో కాల్చింది. ఎవరు కాల్చారో తెలియకుండా కొత్తది వేస్తే అది కూడా ఏడాదిలో అలాగే పోతుంది. నాకు జవాబు తెలుసు, చెప్పడానికి కష్టంగా ఉంది. పోయిన అక్టోబర్‌లో వానల్లో బండి లోడు పడినప్పుడు మిస్సింగ్ కొట్టేది, అంటే సిలిండర్లో పెట్రోలు అప్పుడప్పుడు అంటుకునేది కాదు. ఇంజన్ లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి అయ్యేది. ఆఫీసులో రిలీజ్ ఉండి రెండు వారాలు అలాగే నడిపాను. వానలు ఆగాక లైటు పోయింది, నేనూ మర్చిపోయాను. లైటు నిలకడగా వెలిగితే తీరిక చూసుకుని చూపించుకోవచ్చు. మిణుకుమిణుకుమంటోందంటే, కాలని పెట్రోలు క్యాట్‌లోకి పోతోంది, ఇప్పుడే కాలు తీయమని అర్థం. సిలిండర్లో కాలని పెట్రోలు క్యాట్‌లో కాలుతుంది. అక్కడి వేడి వెయ్యి డిగ్రీలు దాటిపోతుంది. దయచేసి ఇది చదివేవాళ్ళు మీ బండి లైటు మిణుకుమంటే ఇంటిదాకా పోదాంలే అనుకోకండి. పక్కకి ఆపండి.

పెట్రోలుని అంటించే స్పార్క్ ప్లగ్గులు విప్పితే మిగతా కథ కూడా కనిపించింది. ఈ ఇంజన్‌కి ప్లగ్గులు పైన లోతైన బావుల్లో ఉంటాయి. రెండో సిలిండర్ బావిలో అరచెంచాడు నూనె నిలిచి ఉంది. ట్యాపెట్ కవర్, అంటే ఇంజన్ పైమూత, దాని ప్యాకింగ్ గట్టిపడి ఎండిపోయి నూనె వదులుతోంది. ఆ నూనెలో నాని ప్లగ్ వైరు రబ్బరు టోపీ మెత్తబడింది, వేళ్ళతో నొక్కితే చిట్లింది. దాంట్లోంచి కరెంటు ప్లగ్గుకి పోకుండా ఇంజన్ ఇనుముకి దూకేది, తేమ ఉంటే మరీను. చిన్న రబ్బరు ప్యాకింగ్ ఎండిపోయిన పాపం ఎక్కడో అవతల సీట్ల కింద బయటపడింది.

అందుకని పనులు ఈ వరసలో చేశాను. ముందు ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, మూలల్లో కాస్త సిలికాన్. తర్వాత నాలుగు ప్లగ్గులు 1.1 మిల్లీమీటర్ల సందుతో, కొత్త వైర్లు. క్యాట్ లేకుండానే బండి స్టార్ట్ చేసి మిస్సింగ్ లేదని నిర్ధారించుకున్నాను, ఆ మోతకి పక్కింటివాళ్ళకి ముందే చెప్పి క్షమాపణ కోరాను. అప్పుడు కొత్త క్యాట్.

కొంతమంది స్నేహితులు క్యాట్ ఎందుకు, ఖాళీ గొట్టం వేసెయ్యి, మన రాష్ట్రంలో పొగ పరీక్ష కూడా లేదుగా అన్నారు. పరీక్ష లేని మాట నిజం. క్యాట్ తీసెయ్యడం దేశమంతటా చట్టవిరుద్ధం, అది ఒకటి. అంతకన్నా, క్యాట్ లేని బండి వెనక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కళ్ళు మండే ఆ ఘాటు నాకు తెలుసు. నా సరదా కోసం వెనక కారులో ఉన్న పసిపిల్లకి ఆ గాలి పీల్పించలేను. 380 డాలర్లు పెట్టి కొన్నాను.

ఆదివారం పొద్దున ఆరింటికి మళ్ళీ అదే రోడ్డు, అదే మూడో గేరు, అబ్బాయి చేతిలో అదే ఫోన్. నాలుగు వేలు దాటేటప్పుడు అలవాటుగా ఒళ్ళు బిగబట్టుకున్నాను. బండి ఆగలేదు. ఐదు వేల దగ్గర ఇంజన్ గొంతు మారింది, మునుపటి ఆ సన్నని కేక వచ్చింది, సీటు వీపుని తోసింది. అబ్బాయి అంకెలు గట్టిగా చదువుతున్నాడు. నాలుగు వేల దగ్గర 64. ఐదు వేల దగ్గర 82. ఆరు వేల దగ్గర 97. ఇంటికొచ్చి శాతాలు వేస్తే 87, 89, 88. గీత బల్లపరుపుగా ఉంది. వాక్యూమ్ గేజ్ 2,500 దగ్గర 20కి ఎక్కి, రెండు నిమిషాలు పట్టుకున్నా అక్కడే కూర్చుంది.

కరిగిపోయిన క్యాట్ ఫొటో బాబాయికి వాట్సాప్‌లో పంపాను. కాసేపటికి ఆయన వీడియో కాల్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేసి ఫోన్ సైలెన్సర్ వెనక పెట్టమన్నారు. పెట్టాను. అరనిమిషం విన్నారు.

"ముందువైపు ప్యాకింగ్ దగ్గర లీకుంది చూడమ్మా. టిక్ టిక్ మంటోంది."

నిజమే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదటి రెండు నిమిషాలు చెవి పెట్టి వింటే వినిపిస్తోంది. తెగిన బోల్టు దగ్గర కొత్త ప్యాకింగ్ సరిగ్గా కూర్చోలేదు. పార్టు ఆర్డర్ పెట్టాను, శనివారానికి వస్తుంది.